తాబేలు ఒప్పుకుంటేనే... రొయ్యకు వీసా!

మన తీరంలో పట్టిన రొయ్య అమెరికావాళ్ల పళ్లెంలోకి చేరాలంటే సముద్రం దాటితే చాలదు. ల్యాబు పరీక్షలు, కస్టమ్స్ కాగితాలు, పన్నుల లెక్కలు... ఒక్కో గుమ్మమూ దాటుకుంటూ వెళ్లాలి. అందులో ఒక గుమ్మం దగ్గర కాపలా కాస్తున్నది ఎవరో తెలుసా... తాబేలు! ఆ తాబేలునే దేవుడిగా కొలిచే శ్రీకూర్మం దగ్గర మొదలై విశాఖ రేవు మీదుగా సాగే కథ ఇది.

శ్రీకాకుళం నుంచి సుమారు పద్నాలుగు కిలోమీటర్లు వెళ్తే శ్రీకూర్మం. మహావిష్ణువు తాబేలు రూపంలో పూజలందుకునే అరుదైన క్షేత్రం. స్వామి పడమటి దిక్కుగా ఉంటాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు. కాశీకి వెళ్లలేనివాళ్లు ఇక్కడికే వచ్చి పితృకార్యాలు చేసుకుంటారు. ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటాయి. పిల్లలు ఆకుకూర అందిస్తే మెడ చాచి అందుకుంటాయి.

అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లు తూర్పుగా వెళ్తే బంగాళాఖాతం. ఉత్తరాన వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం, ఒకప్పటి పేరున్న ఓడరేవు. ఇసుక మీద ఆరబెట్టిన వలలు, ఒడ్డుకు లాగిన ఫైబరు బోట్లు, తెల్లవారుజామునే చేపల వేలం. జనవరి వస్తే ఈ ఒడ్డుకు మరో అతిథి కూడా వస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేలు! రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఒకటిన్నర నెల నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. నక్కలూ కుక్కలూ తవ్వి తినేయకుండా ఆ గుడ్లను సేకరించి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదలడం ఈ తీరంలో ఏటా జరిగేదే.

గుడిలో దేవుడైన తాబేలు, ఒడ్డున అతిథి అయిన తాబేలు సరే. కస్టమ్స్ ఆఫీసులో దానికేం పని?

అక్కడి చట్టం... ఇక్కడి వల

తాబేలు నీళ్లలో బతికినా ఊపిరి పీల్చేది గాలినే. మధ్యమధ్యలో పైకి రావాల్సిందే. రొయ్యల కోసం మరబోట్లు సంచిలాంటి వలను అడుగుకు వదిలి గంటల తరబడి ఈడ్చుకుంటూ వెళ్తాయి. అదే ట్రాలింగ్. ఆ సంచిలో చిక్కుకున్న తాబేలు పైకి రాలేదు. ఊపిరాడక చచ్చిపోతుంది. చలికాలంలో మన ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్ల కళేబరాల వెనుక తరచూ ఉండేది ఈ కథే.

దీనికి మందు చాలా కాలం కిందటే దొరికింది. వల సంచికి ముందు ఒక ఇనుప చట్రం బిగిస్తారు. దాని ఊచల మధ్య ఖాళీ నాలుగంగుళాలు. రొయ్యలు ఊచల సందుల్లోంచి సంచిలోకి వెళ్లిపోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పక్కనున్న ద్వారం తోసుకుని బయటపడుతుంది. దీన్నే 'టెడ్' అంటారు. తాబేళ్లను తప్పించే పరికరం అని అర్థం.

1987లో అమెరికా తమ రొయ్యల పడవలకు టెడ్ తప్పనిసరి చేస్తూ నిబంధనలు తెచ్చింది. 'మాకు పెట్టిన షరతు మాకు రొయ్యలమ్మేవాళ్లకూ ఉండాలి కదా' అన్న మాట అక్కడి జాలర్ల నుంచి వచ్చింది. 1989లో 'సెక్షన్ 609' అనే చట్టం పుట్టింది. తాబేళ్లకు హాని చేయకుండా పట్టిన సముద్రపు రొయ్యలనే దిగుమతి చేసుకోవాలన్నది దాని సారం. మొదట కరీబియన్ వైపు దేశాలకే పరిమితమైన ఆ నిబంధన అక్కడి కోర్టు తీర్పుతో 1996 మే నుంచి ప్రపంచమంతటికీ వర్తించింది.

మనకు కోపమొచ్చింది. మన ఒక్కరికే కాదు, మలేసియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్‌లకు కూడా. నాలుగు దేశాలూ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ గుమ్మమెక్కాయి. మిగతా విషయాల్లో ఎడమొహం పెడమొహంగా ఉండే భారత్, పాకిస్థాన్ రొయ్య కోసం ఒకే పక్షాన నిలబడ్డాయన్నమాట! 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. అంతరించిపోయే ప్రాణిని కాపాడటం కోసం వాణిజ్యానికి షరతులు పెట్టడం తప్పు కాదు, కానీ అమెరికా దాన్ని అమలుచేసిన తీరులో దేశానికో న్యాయం కనిపిస్తోంది, అది తప్పు... అన్నది ఆ తీర్పు సారాంశం. కేసు మనవాళ్లే గెలిచారు. అమెరికా తన మార్గదర్శకాలు మార్చుకుంది. చట్టం మాత్రం అలాగే ఉంది.

2019లో ఆ చట్టమే మన మీద పడింది. మన మరబోట్ల వలల్లో టెడ్‌లు సరిగా వాడటం లేదన్న కారణంతో భారత్ నుంచి సముద్రపు రొయ్యల దిగుమతిని అమెరికా ఆపేసింది. అప్పటినుంచి మన ప్రయత్నాలూ సాగుతున్నాయి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ అమెరికా నిపుణుల సలహాలతో మన పడవలకు నప్పే టెడ్‌ను రూపొందించింది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద వీటికి సాయమూ పెట్టారు. చట్రం పక్కనున్న ద్వారంలోంచి కొంత చేప కూడా జారిపోతుందన్నది మరబోట్లవాళ్ల బెంగ. దాన్ని కొట్టిపారేయలేం. కానీ జారిపోయే చేప విలువెంత, జారిపోయిన మార్కెట్ విలువెంత అన్నదే అసలు లెక్క.

ముప్పై రోజుల రొయ్య

'మరి మన రొయ్యలు అమెరికాకు టన్నుల కొద్దీ వెళ్తున్నాయి కదా!' అనిపించొచ్చు. నిజమే. అవన్నీ చెరువుల్లో పెంచినవి.

అమెరికాకు వెళ్లే ప్రతి రొయ్యల కన్‌సైన్‌మెంట్ వెంట 'డీఎస్ 2031' అనే పత్రం ఉండాలి. ఈ రొయ్య ఎక్కడిది, ఎలా పట్టారు అని ఎగుమతిదారు, దిగుమతిదారు ఇద్దరూ చెప్పే వాంగ్మూలం అది. అందులో చెరువు రొయ్యకు ఒక గడి ఉంది. పట్టడానికి ముందు కనీసం ముప్పై రోజులు చెరువులో పెరిగి ఉండాలన్నది షరతు. చెరువులో తాబేలు ఉండదు కాబట్టి పేచీ లేదు. మన దేశంలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, అదే ఎంపెడా, ఈ పత్రాలను ధ్రువీకరిస్తుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. యంత్రంతో కాకుండా చేత్తో లాగే వలలతో పట్టిన రొయ్యకు ఆ చట్టం నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. శ్రీకూర్మం ఎదుటి తీరంలో చిన్న పడవలవాళ్లు చేత్తో వల లాగేవాళ్లే. కాగితం ప్రకారం వాళ్ల రొయ్యకు దారి మూసుకుపోలేదు. కానీ ఏ రొయ్య ఏ వలలో పడిందో వేరుచేసి చూపాలి. పడవ నుంచి ప్లాంటు దాకా దాన్ని వేరుగానే ఉంచాలి. దానికి ప్రభుత్వం పూచీపడాలి. ఒడ్డున వేలం పాడినవాడు నాలుగు ఊళ్ల బుట్టలను ఒకే ఐస్ పెట్టెలో కలిపేశాక ఇది చేతివల రొయ్య, ఇది మరబోటు రొయ్య అని చెప్పేదెవరు? టెడ్ పెట్టుకోవాల్సింది మరబోటు. తలుపు మూసుకుంటే నష్టం మాత్రం తెప్ప మీద వెళ్లేవాడికీ తప్పదు. కొనేవాళ్లలో పెద్దవాడొకడు తప్పుకుంటే సముద్రపు రొయ్య ధర అందరికీ కలిపే తగ్గుతుంది మరి.

గట్టు నుంచి రేవు దాకా...

సరే, చెరువు రొయ్య వెంటే వెళ్లి చూద్దాం. దాని ప్రయాణం పట్టుబడి రోజున మొదలవుతుందనుకుంటే పొరపాటే. అంతకు చాలా ముందే మొదలవుతుంది.

మొదటి గుమ్మం చెరువుదే. 2005 నాటి చట్టంతో ఏర్పడిన కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర ఉప్పునీటి చెరువు నమోదై ఉండాలి. ఇప్పుడు మనం ఎక్కువగా పెంచుతున్న వనామీ రొయ్యకు దేశంలో అనుమతులొచ్చింది కూడా ఆ అథారిటీ ద్వారానే, 2009లో.

రెండో గుమ్మం పరీక్ష. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు రొయ్యలో ఉండకూడదు. ఐరోపాకు వెళ్లే సరకుకైతే పట్టుబడికి ముందే చెరువులోంచి నమూనా తీసి ఎంపెడా ల్యాబులో పరీక్ష చేయిస్తారు. ఆ ధ్రువపత్రం వచ్చాకే వల వేస్తారు. రోగం తగిలిందని ఎవరో చెప్పిన మందు డబ్బాడు చల్లితే దాని ఫలితం రేపు ఏడు సముద్రాల అవతల తేలుతుంది. 2016లో ఐరోపా సమాఖ్య మన చెరువు రొయ్యల్లో సగం కన్‌సైన్‌మెంట్లను తమ సరిహద్దులో పరీక్షించాలని నిబంధన పెట్టింది. పరీక్షలో తప్పితే సరకు వెనక్కన్నా రావాలి, అక్కడే ధ్వంసమన్నా కావాలి. ఒక చెరువు తప్పుకు దేశం పేరు మీద మచ్చ.

మూడో గుమ్మం ప్లాంటు. ఐసులో వచ్చిన రొయ్యను కడిగి, తల తీసి, కౌంటు ప్రకారం వేరుచేసి, గడ్డకట్టించి డబ్బాల్లో సర్దుతారు. తెల్లవారకముందే వ్యానెక్కి వచ్చే ఆడవాళ్ల చేతుల మీదుగానే ఈ పనిలో ఎక్కువ భాగం జరుగుతుంది. ఎగుమతి తనిఖీ మండలి ఆమోదమున్న ప్లాంటులోనే ఇది జరగాలి. ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చేది కూడా ఆ మండలి కింద పనిచేసే ఏజెన్సీయే.

నాలుగోది కస్టమ్స్. ఎగుమతిదారు తరఫున కస్టమ్స్ బ్రోకరు 'షిప్పింగ్ బిల్లు' దాఖలు చేస్తాడు. ఒకప్పుడు ఫైళ్లు పట్టుకుని బల్లల చుట్టూ తిరిగేవారు. ఇప్పుడది 'ఐస్‌గేట్' అనే ఆన్‌లైన్ వేదిక మీదే. సరకేమిటి, బరువెంత, విలువెంత, ఏ దేశానికి, ఏ పన్ను రాయితీ అడుగుతున్నారు... అన్నీ అందులోనే. ఏ కంటైనరు తెరిచి చూడాలో, దేన్ని వదిలేయాలో కంప్యూటరే సూచిస్తుంది. అంతా సరిపోతే 'లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్' వస్తుంది. 'ఇక ఓడెక్కొచ్చు' అని దాని అర్థం.

ఇదంతా మైనస్ 18 డిగ్రీల చలిలో జరగాలి. బట్టల కంటైనరు రేవులో నాలుగు రోజులు ఆగినా బట్టలు బట్టలే. రొయ్యల కంటైనరు అలా కాదు. ఆగినన్నాళ్లూ కరెంటు బిల్లు, రేవు అద్దె పెరుగుతూనే ఉంటాయి. కరెంటు పోతే సరకే పోతుంది. అందుకే ఈ వ్యాపారంలో కాగితం తప్పు పోవడం అంటే ఐసు కరగడమే!

ఓడ కదిలినా పని అయిపోదు. అమెరికాకైతే 2018 డిసెంబరు 31 నుంచి రొయ్య ఏ చెరువుదో, ఏ పడవదో ఆరా తీసే నిఘా కార్యక్రమం అమల్లోకి వచ్చింది. ఐరోపాకు వెళ్లే సముద్రపు సరకుకు 2010 నుంచి 'క్యాచ్ సర్టిఫికెట్' కావాలి. దొంగ వేటలో పట్టింది కాదని చెప్పే కాగితమది.

ఇక్కడ సున్నా... అక్కడ యాభై

ఇక పన్నుల సంగతి. చాలామంది అనుకునేదేమిటంటే, ఎగుమతికి పన్ను లేదు కాబట్టి లెక్కలూ ఉండవని. పన్ను లేకపోవడం వేరు, పన్ను సున్నా కావడం వేరు!

బజారులో కొనే తాజా చేపకు జీఎస్టీ లేదు. అది మినహాయింపు. ఎగుమతికి ఉన్నది 'సున్నా రేటు'. తేడా ఎక్కడంటే... ఎగుమతిదారు అట్టపెట్టెలు కొంటాడు, పాలిథిన్ కవర్లు కొంటాడు, యంత్రాలు బాగుచేయిస్తాడు. వాటన్నిటి మీదా జీఎస్టీ కట్టే ఉంటాడు. సున్నా రేటు కాబట్టి ఆ కట్టిన పన్నును వెనక్కి అడగొచ్చు. మినహాయింపులో ఆ వీలుండదు. మన పన్నును పరాయి దేశం వాడి నెత్తిన పెట్టి పంపితే మన సరకు ఖరీదెక్కి అమ్ముడుపోదు. అందుకే ఈ ఏర్పాటు.

దానికి రెండు దారులు. ఏటా ఒక హామీపత్రం ఇచ్చి పన్ను కట్టకుండానే పంపడం ఒకటి. ముందు పన్ను కట్టి తర్వాత వాపసు తీసుకోవడం రెండోది. రెండో దారిలో షిప్పింగ్ బిల్లే వాపసుకు దరఖాస్తు. జీఎస్టీ రిటర్నులో రాసిన ఇన్వాయిస్ నంబరుకు, షిప్పింగ్ బిల్లులో ఉన్న నంబరుకు ఒక్క అక్షరం తేడా వచ్చినా కంప్యూటరు వాపసును ఆపేస్తుంది. ఇవి కాక దిగుమతి చేసుకున్న సామగ్రి మీద కట్టిన సుంకం తిరిగిచ్చే 'డ్యూటీ డ్రాబ్యాక్' ఉంది. డీజిలు మీద వ్యాటు, కరెంటు మీద సుంకం లాంటి, జీఎస్టీలో తేలని పన్నుల కోసం 2021 జనవరి 1న 'రోడ్‌టెప్' పథకం వచ్చింది. 2024 జులై బడ్జెట్‌లో రొయ్యల మేత, తల్లిరొయ్యల దిగుమతి సుంకాన్ని 5 శాతానికి తగ్గించారు.

ఇదంతా మన గడప లోపలి లెక్క. గడప దాటాక అవతలివాడి లెక్క మొదలవుతుంది. అమెరికాలో రొయ్యకు మామూలు దిగుమతి సుంకం సున్నాయే. కానీ మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ 2005లో మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేశారు. ప్రభుత్వ రాయితీలు పొందుతున్నారంటూ 2024లో మరో సుంకం చేర్చారు. చాలా కంపెనీలకు అది 5.77 శాతం. 2025 ఆగస్టు 7న దేశాల వారీ సుంకం 25 శాతం, అదే నెల 27న దాన్ని 50 శాతం చేశారు. అన్నీ కలిపితే ఆ రోజున మన రొయ్య మీద భారం 58 శాతం దాటింది. అంటే పది డాలర్ల రొయ్యకు దాదాపు ఆరు డాలర్ల పన్ను! అదే సమయంలో పోటీదారైన ఈక్వడార్ మీద దేశ సుంకం 15 శాతమే. ఈ అంకెలు బేరసారాలతో, కోర్టు తీర్పులతో మారిపోయేవే. కానీ మారేలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

ఆ నష్టం చిన్నది కాదు. 2024-25లో మన దేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 62,408 కోట్ల రూపాయలు తెచ్చింది. డాలర్ల లెక్కన అందులో మూడింట రెండొంతులకు పైగా గడ్డకట్టించిన రొయ్యే. దాన్ని అందరికన్నా ఎక్కువగా కొన్నది అమెరికానే.

మోసేది ఎవరు?

సుంకం కట్టేది అమెరికాలోని దిగుమతిదారు. అతను ఎగుమతిదారుతో బేరమాడతాడు. ఎగుమతిదారు ఏజెంటుతో, ఏజెంటు రైతుతో. రైతు ఎవరితో బేరమాడాలి? రొయ్యతోనా! అది రోజురోజుకూ మేత తింటూనే ఉంటుంది. కౌంటుకొచ్చాక ఆగితే రోగం భయం, పట్టేస్తే ధర భయం. 2025 ఏప్రిల్‌లో సుంకాల ప్రకటన వెలువడగానే, ఒక్క పైసా పన్ను వసూలు కాకముందే, చెరువు గట్టు మీద ధర పడిపోయింది. రైతు చేతిలో షిప్పింగ్ బిల్లు ఉండదు, వాపసొచ్చే జీఎస్టీ ఉండదు, డ్రాబ్యాక్ ఉండదు. రాయితీలన్నీ ఎగుమతి చేసినవాడి పేరు మీద వస్తాయి. సుంకం దెబ్బ మాత్రం గట్టు దాకా దిగొస్తుంది.

సముద్రం మీద ఆధారపడ్డవాళ్ల సంగతీ అంతే. 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళం జిల్లా నుంచి జాలర్లు మరబోట్ల మీద కూలికి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తుంటారు. అక్కడ వాళ్లు పట్టే చేప ఆ రేవు లెక్కలోకే వెళ్తుంది. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కిన మన జాలర్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. ఆ ఉదంతం ఆధారంగానే 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. సొంత ఊళ్లో పట్టిన చేపకు మంచి ధర పలికితే ఇల్లు వదిలి అంత దూరం వెళ్లాలని ఎవరికుంటుంది?

అయితే చేయగలిగినవి లేకపోలేదు. రైతు వైపు నుంచి చూస్తే చెరువు నమోదు, మేత, మందుల రికార్డు, పరీక్ష కాగితం ఉన్నవాడి సరకు అమెరికా కాకపోతే మరో దేశానికి వెళ్లగలదు. అవి లేనివాడు ఏజెంటు చెప్పిన ధరకే అమ్ముకోవాలి. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో మన రొయ్యకు సుంకం ఎత్తేయడానికి ఆ దేశం ఒప్పుకుంది. అలాంటి తలుపులు తెరుచుకున్నా లోపలికి వెళ్లేది కాగితం ఉన్న రొయ్యే. సముద్రం వైపు నుంచి చూస్తే తీరానికి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదన్న మన రాష్ట్ర నిబంధన గట్టిగా అమలవ్వాలి. వలలకు టెడ్‌లు బిగించాలి. చేతివల రొయ్యను ఒడ్డునే వేరుగా తూచి, వేరుగా రాసే ఏర్పాటుంటే చిన్న పడవవాడికి తన రొయ్య గురించి చెప్పుకోవడానికి ఒక కాగితమైనా మిగులుతుంది.

దేవతలూ రాక్షసులూ పాలసముద్రం చిలికినప్పుడు అమృతం ఎవరికి దక్కిందో అందరికీ తెలుసు. మందర పర్వతం మునిగిపోకుండా కింద వీపు పెట్టి మోసింది మాత్రం కూర్మం. శ్రీకూర్మంలో దానికి గుడి కట్టుకున్నాం. ఆ గుడి ఎదుటి సముద్రంలో వల వేసేవాడు, చెరువు గట్టు మీద రాత్రంతా మెలకువగా ఉండేవాడు మోస్తున్నదీ అలాంటి బరువే. వాళ్లకు గుడి అక్కర్లేదు. చేతిలో ఒక సరైన కాగితం, దానికి తగ్గ ధర ఉంటే చాలు.

మీరూ ఎగుమతి చేయాలనుకుంటే...

* విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుంచి ఎగుమతి, దిగుమతి కోడ్ తీసుకోవాలి. ఇది లేనిదే షిప్పింగ్ బిల్లు లేదు.

* ఎంపెడాలో ఎగుమతిదారుగా నమోదు కావాలి. సొంత ప్లాంటు లేనివాళ్లు వ్యాపార ఎగుమతిదారులుగా నమోదై, ఆమోదమున్న ప్లాంటులో సరకు సిద్ధం చేయించుకోవచ్చు.

* జీఎస్టీ నమోదు, ఏటా ఇచ్చే హామీపత్రం మర్చిపోకూడదు.

* విదేశీ సొమ్ము జమయ్యే బ్యాంకు కోడును కస్టమ్స్‌లో నమోదు చేయించాలి.

* లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకరును ఎంచుకోవాలి. ఇన్వాయిస్, షిప్పింగ్ బిల్లు, జీఎస్టీ రిటర్ను... మూడింట్లోనూ ఒకే నంబరు, ఒకే విలువ ఉన్నాయో లేదో మీరే చూసుకోవాలి.

* కొనే దేశం నిబంధనలు తెలిశాకే బేరం కుదుర్చుకోవాలి. సరకు ఓడెక్కాక దిద్దుకునే తప్పులు చాలా తక్కువ.